అడవి పువ్వులను గూర్చిన ఆజ్ఞ

ధ్యాన వాక్యభాగములు: మత్తయి 6:25–34, మార్కు 6:30–34



గత జనవరి మాసములో మేము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘములలోని కొందరు విశ్వాసులతో కూడ ఒక దినము సముద్రతీరమునకు వెళ్లి వచ్చితిమి. "సంఘమునకు విహారయాత్ర యేల? ఆ డబ్బు బీదలకు ఇయ్యరాదా?" అని ఒకరిద్దరు మాతో అనిరి. వారికి జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నిజము చెప్పవలెనంటే ఈ తలంపు మాది కాదు; కూలి చేసికొని బ్రదుకు ఒక వృద్ధ విధవరాలిది. క్రిస్మసుకు ముందు ఒక గృహకూటములో మేము మత్తయి సువార్తనుండి చింతను గూర్చి బోధించుచుంటిమి. మూడు సంఘముల పనిలో కొన్ని నెలలుగా విశ్రాంతి యెరుగక, ఆ దినములలో మేము చిన్న మాటకే విసుగుకొనుచుంటిమి. ఆ సాయంకాలము కానుక తక్కువైనదని కటువుగానే మాటలాడితిమి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఆమె మెల్లగా లేచి, "అయ్యగారూ, చింత పడొద్దని చెప్పిండ్రు, మంచిదే. పువ్వులను చూడమని గూడ ప్రభువే చెప్పిండు గద. మరి మనం ఎన్నడు చూసినం?" అనెను.

మేము నోరు మెదపలేకపోతిమి. ఆ వచనములోని గ్రీకు మాట తోటలో పెంచిన పువ్వును గాక, గలిలయ కొండలమీద తనంతట తాను పూయు అడవి పువ్వును సూచింపవచ్చునని సెమినరీలో చదివియుంటిమి. అయితే అది ఒక ఆజ్ఞయని, మేము దానిని ఒకనాడైనను గైకొనలేదని, అక్షరము రాని ఆ తల్లి చెప్పువరకు మాకు తోచలేదు.

ప్రభువు ఆ మాట ఎవరితో చెప్పెను? రేపేమి తిందుము, ఏమి కట్టుకొందుమని దిగులుపడు వారితో గదా! గలిలయ సముద్రము పేరుకే సముద్రము. అది సుమారు 21 కిలోమీటర్ల పొడవుగల మంచినీటి సరస్సు. మన నాగార్జునసాగరు జలాశయమే అంతకంటె విశాలమైనది. దాని చుట్టుపట్ల చేపలు పట్టువారును, పొలము పనివారును ఉండిరి. సబ్బాతు దినము కూడ యజమానునికి మాత్రమే ఇయ్యబడలేదు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము చూడుడి: దాసుడును దాసియు యజమానునివలెనే విశ్రమింపవలెనని అక్కడ నున్నది. బీదలకు ఇయ్యరాదా అని అడిగిన సహోదరులు మా బస్సులో ఎక్కినవారిని చూచియుండరు. నాట్లు సాగుచున్న దినములవి. ఒక్కొక్క స్త్రీ ఆ నాటి కూలి వదలుకొని వచ్చినది.

మిర్యాలగూడవారు హుజూర్‌నగరు మీదుగా కోదాడకు వచ్చి మమ్మును కలిసికొనిరి. పుణెలో బయలుదేరి హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా వచ్చు 65వ నంబరు జాతీయ రహదారి బందరులో ముగియును. మాతో వచ్చినవారు ఏండ్ల తరబడి ఆ రోడ్డు దాటి పొలమునకు పోయినవారే. దాని కొనను చూచినవారు ముగ్గురే. నోబుల్, ఫాక్సు దొరలు 1841లో వచ్చి సువార్త పని మొదలుపెట్టిన పట్టణమది. అక్కడినుండి సుమారు 11 కిలోమీటర్ల దూరమున మంగినపూడి తీరము. నేల నలుపు, నీరు లోతు తక్కువ.

మన జనము మొదట నీళ్లలో దిగలేదు. "దివిసీమను ముంచింది ఇదేనా?" అని ఒక పెద్దాయన అడిగెను. అవును, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణములను తీసికొనెను. 1864లో బందరునే ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది చనిపోయిరి. సముద్రము అందమైనదని మాత్రమే చెప్పి ఊరకుండుట మాకు న్యాయముగా తోచలేదు. అది కూడ చెప్పితిమి. కొంతసేపు అందరును మౌనముగా నిలిచిరి. పిమ్మట పిల్లలు దిగిరి, వారి వెనుక తల్లులు దిగిరి.

గట్టున ఇసుకలో బాలబండి తీగ పాకియుండెను. దాని ఆకు మేక గిట్టవలె రెండుగా చీలియుండును. పువ్వు ఊదా కలిసిన గులాబి వన్నె, ఉదయము విచ్చి ఆ దినమే వాడిపోవును. ఉప్పుగాలిని, ఎండను ఓర్చి, కణుపు కణుపున వేరు దించి, ఎగిరిపోవు ఇసుకను పట్టి నిలుపునది ఆ తీగయే. ఎవరును విత్తలేదు, ఎవరును నీరు పోయలేదు. మా వృద్ధురాలు వంగి, తీగను మొదలంట పట్టి లాగబోయి ఆగెను. "చెయ్యి అలవాటయ్య, కలుపనుకున్న" అని నవ్వెను. మిరప చేలలో గునుగు పువ్వును నలువది ఏండ్లు పెరికిన చేయి అది. ఆమె ఆ పువ్వు ప్రక్కనే ఇసుకలో కూర్చుండి, భోజనమునకు పిలుచువరకు లేవలేదు. ఏమి తలంచెనో మేము అడుగలేదు. ఆ దినము మేము ప్రసంగము కూడ చేయలేదు.

శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేదని చూచి ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు తీసికొనిపోయెనని మార్కు వ్రాసెను. వారు గట్టు చేరునప్పటికే జనులు అక్కడ కూడియుండిరి! వారికి దొరకిన విశ్రాంతి పడవలోని ఆ కొద్దిసేపే కాబోలు. మాకును అంతే. రాత్రి ఆలస్యముగా కోదాడ చేరితిమి. తెల్లవారకముందే స్త్రీలు నాట్లకు పోయిరి. కటువుగా మాటలాడినందుకు ఆ తరువాతి ఆదివారమున మేము సంఘము ఎదుట క్షమాపణ అడిగితిమి.

చోటు లేక మొదటిసారి రాలేకపోయినవారికొరకు మరియొక ప్రయాణము తలపెట్టియున్నాము. రాగోరువారు తమ సంఘపెద్దలకు పేర్లు ఇయ్యవలెను. ప్రయాణపు ఖర్చు లేనివారు ఆ సంగతి పెద్దలతో చెవిలో చెప్పిన చాలును, మరియెవరికిని తెలియనక్కరలేదు.