వంతు కోసం ఆగితే

నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. నిలువెత్తు నాయకుడు, పైన పార్టీ పెద్దల వరుస, అడుగున పాస్‌పోర్టు ఫోటోల్లో పదిహేను మంది కుర్రాళ్ళు. ఆ ఫ్లెక్సీకి తలా కొంత వేసుకున్నది ఆ అడుగునున్నవాళ్ళే. అర్ధరాత్రి నిచ్చెన వేసి కట్టిందీ వాళ్ళే. బైకు ర్యాలీలో ముందుండేదీ, గొడవైతే ఎఫ్‌ఐఆర్‌లో పేర్లెక్కేదీ వాళ్ళే. టికెట్ల జాబితా వచ్చిన రోజున మాత్రం ఆ ముఖాల్లో ఒక్కటీ కనబడదు. "మీకింకా వయసుందిరా, ఆగండి" అంటారు. ఈ ఆగమనడం మనిషిని ఏం చేస్తుందన్నదే నన్ను ఎంతో కాలంగా వేధిస్తున్న ప్రశ్న.

చట్టం వాళ్ళను ఆగమనలేదు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్ళు, శాసనసభకైనా లోక్‌సభకైనా 25 నిండితే చాలు. అయినా తొలి లోక్‌సభలో నలభై లోపువారు 26 శాతం ఉండగా, 2024లో ఎన్నికైన సభలో నలభై దాటనివారు 11 శాతమే. జనాభాలో సగం మంది ముప్పై లోపు వయసువాళ్ళున్న దేశంలో ఆ సభ సగటు వయసు 56.

ఆ కొద్దిమందీ ఎలా వచ్చారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2024లో పాతికేళ్ళకే లోక్‌సభకు ఎన్నికైనవారు నలుగురు. వాళ్ళలో ముగ్గురు రాజకీయ నాయకుల పిల్లలు. నాలుగో ఆమె, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ నుంచి గెలిచిన సంజనా జాటవ్, జిల్లా పరిషత్ సభ్యురాలిగా మొదలుపెట్టారు. 2023లో శాసనసభకు పోటీ చేసి 409 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడాదే పార్లమెంటుకు వెళ్ళారు. అంటే అడ్డు వయసు కాదు. వారసుడికి పాతికేళ్ళకే వచ్చే అర్హత, జెండా మోసినవాడికి యాభై దాటినా రావడం లేదు.

ఆగితే నష్టమేముంది, అనుభవం వస్తుంది కదా అంటారు పెద్దలు. నాకు తోచింది వేరు. ఇరవై రెండేళ్ళవాడు రాజకీయాల్లోకి ఒక ప్రశ్నతో వస్తాడు: మా కాలేజీలో లెక్చరర్లు ఎందుకు లేరు, మా చెరువు శిఖం ఎవరు కలుపుకున్నారు, ఉద్యోగాల నోటిఫికేషన్ ఏటేటా ఎందుకు వాయిదా పడుతోంది? వాడిని ఇరవై ఏళ్ళు గుమ్మం దగ్గర నిలబెడితే ఆ ఇరవై ఏళ్ళూ వాడు నేర్చుకునేది పరిపాలన కాదు. ఎవరి కారు దగ్గర నిలబడాలో, ఎవరి ముందు నోరు మెదపకూడదో, కాంట్రాక్టులో వాటా ఎలా అడగాలో నేర్చుకుంటాడు. చివరికి వంతు వచ్చేసరికి మనిషి మిగులుతాడు, ప్రశ్న మిగలదు. సమాజానికి కావలసింది ఆ ప్రశ్న. అందుకే యువకులను ఆపడం వాళ్ళ ఒక్కరికే జరిగే అన్యాయం కాదు.

మన దగ్గర ఎప్పుడూ ఇలాగే లేదు. 1978లో తొలిసారి ఎమ్మెల్యేలైనప్పుడు చంద్రబాబు నాయుడికీ, వై.ఎస్. రాజశేఖరరెడ్డికీ ముప్పై నిండలేదు. ఇద్దరూ విద్యార్థి రాజకీయాల్లోంచి వచ్చినవాళ్ళే. 1983లో ఎన్టీఆర్ ఎందరో చదువుకున్న కొత్తవాళ్ళకు టికెట్లిచ్చారు. ఆ తరువాత, 1980ల చివర, ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘ ఎన్నికలే ఆపేశారు. క్యాంపస్‌లలో హింస జరుగుతోందన్నది కారణం. హింస నిజమే. కానీ హింసను అరికట్టాల్సిన చోట ఎన్నికలను అరికట్టారు. నియమాలతో ఎన్నికలు ఎలా జరపాలో 2006లో లింగ్డో కమిటీ చెప్పింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అవి జరుగుతూనే ఉన్నాయి. మిగతా చాలా చోట్ల రెండు మూడు తరాలు ఓటు అడగడం, ఓడిపోవడం, ఓడిపోయాక గెలిచినవాడితో కలిసి పనిచేయడం నేర్చుకోకుండానే డిగ్రీలు పూర్తి చేశాయి.

అయినా ఆగనివాళ్ళున్నారు. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. డిగ్రీ చదివినా ఉద్యోగం రాని అమ్మాయి, గుర్తు ఈల. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది, హైకోర్టు భద్రత కల్పించమంది. ఆమెకు అయిదు వేలకు పైగా ఓట్లొచ్చాయి. గెలుపు కాదు, నిజమే. నిరుద్యోగం గురించి ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నియోజకవర్గం దాటి రాష్ట్రమంతా వినబడింది. వంతు కోసం ఆగి ఉంటే అదెవరికీ వినబడేది కాదు.

అందుకే నా వయసువాళ్ళకు చెప్పేది ఇదీ: టికెట్ అక్కర్లేని చోట మొదలుపెడదాం. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. అక్కడ ఎవరి బీ ఫారం అవసరమూ లేదు. కానీ అక్కడా తలుపు మూసే పద్ధతులున్నాయి. కొన్ని ఊళ్ళలో గుడి పేరు చెప్పి సర్పంచ్ పదవికి వేలం పాడి, పాట దక్కించుకున్నవాణ్ణి ఏకగ్రీవం అంటారు. ఆ రాత్రి రచ్చబండ దగ్గర ఒక్కరు లేచి "నేను నామినేషన్ వేస్తున్నా" అని, అన్నట్టే వేస్తే ఆ ఏకగ్రీవం నిలవదు. ఊళ్ళో పెద్దమనుషులు, సొంత బంధువులు కూడా వద్దంటారు. ఆ మాట అనడం కష్టమని నాకు తెలుసు. అనాల్సింది అక్కడే.

టికెట్ అక్కర్లేని రెండో చోటు గ్రామసభ. తెలంగాణ చట్టం ప్రకారం అది రెండు నెలలకోసారైనా జరగాలి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. చాలా చోట్ల రిజిస్టరు ఇళ్ళ చుట్టూ తిరిగి సంతకాలు పెట్టించుకుని వస్తుంది, సభ జరిగిపోయినట్టు లెక్క. పదిమంది యువకులు వెళ్ళి కూర్చుని, ఖర్చుల పద్దు చదవమని అడిగి, తీర్మానం తమ ముందే రాయించి సంతకం పెడితే ఆ ఊరి రాజకీయం మారడం మొదలవుతుంది. అనుభవం కావాలనేవాళ్ళకు అంతకంటే మంచి జవాబు లేదు. అనుభవం పని చేస్తే వస్తుంది, గుమ్మం దగ్గర నిలబడితే రాదు.

పార్టీలు మారాలి, విద్యార్థి ఎన్నికలు తిరిగి రావాలి, వీటికోసం కొట్లాడాలి. అవి వచ్చేదాకా మన పని ఆగనక్కర్లేదు. 21 నిండినవాళ్ళు వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ వేయాలి. ఓడితే తరువాతి గ్రామసభకు వెళ్ళాలి. గెలిస్తే, తమ తరువాతివాళ్ళను ఆగమని చెప్పకూడదు.