పాదోదకమును, కాయకమును

అష్టావరణములలో పాదోదకమొకటి. ఆ ఉదకము ఏ బావినుండి వచ్చుచున్నదో విచారించితిమా? 1970వ దశకమున పటాన్‌చెరు చెంత ఔషధ, రసాయన కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలము నక్కవాగునబడి మంజీరను జేరినది. వాగువెంట పంటలు, బావులు చెడినవి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టుకెక్కినది. రైతులకు పరిహారము, శుద్ధికేంద్రము వచ్చినవి. అయినను, 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, శుద్ధిచేసి వదలిన నీటియందే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినది. రోగము మాన్పవలసిన మందు నీటిలోనికి చేరి, రోగక్రిములకే మందును గెలుచు విద్య నేర్పును! వింతకాదా?

ఆ కర్మాగారములలో మన బిడ్డలును కలరు. మందుచేయుట కాయకమే, సందేహములేదు. కాని పొరుగువాని బావిని చెరచి తెచ్చిన ధనమును దాసోహమున వడ్డింపవచ్చునా? మఠములవారు దీనికి ఉత్తరమీయవలెను.