ఆ ఒక్క రోజు ఎవరిది?



చెరువు పట్టే రోజున బిడ్డను బడి మాన్పించి గట్టుకు తీసుకువెళ్ళడం మన కొల్లేరు లంకల్లో ఎవరూ తప్పుగా ఎంచరు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో తల్లికి కూలి దొరికితే, చంటివాణ్ణి చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట ఉండిపోతుంది. గుణదల మాత తిరునాళ్ళకైతే ఇంటిల్లిపాదీ బయలుదేరతాం. “ఒక్క రోజే కదా” అంటాం.

ఆ రోజు ఎవరిది? నాలుగో ఆజ్ఞను పాటించి బిడ్డ మారుమాటాడకుండా మన వెంట వస్తుంది. ఏడో ఆజ్ఞ మనకు గుర్తుందా? పొరుగువాని సొత్తు ముట్టని మనం బిడ్డ సొత్తును అడగకుండానే వాడుకుంటున్నాం. డబ్బయితే తిరిగి ఇవ్వవచ్చు. మానిన రోజున మాష్టారు భాగహారం చెప్పారు, మర్నాడు దానిమీదే లెక్కలిచ్చారు. బిడ్డకు అర్థం కాదు, అడగడానికి సిగ్గు. మూడోనాడు కడుపునొప్పి అంటుంది. బడి మానడం ఇలాగే మొదలవుతుంది.

ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2020లో మొదలైన అమ్మఒడికి 75 శాతం హాజరు చాలన్నారు. అంటే 50 రోజులు పోయినా డబ్బు వచ్చేది! ప్రభుత్వానికి ఆ లెక్క సరిపోయింది. అమ్మకు సరిపోతుందా?

కూలి లేనిదే పొయ్యి వెలగని ఇళ్ళను నిందించడం న్యాయం కాదు. కానీ మొక్కు సెలవుల్లో తీర్చుకోవచ్చు. చంటిబిడ్డను ఆ పూట చూసే అమ్మమ్మ మన విచారణలో ఒక్కరైనా ఉండరా? ఈ ఆదివారం పూజ అయ్యాక అడిగి చూడండి.