ఎత్తిన బరువు దించేదెప్పుడు?

రెండేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున మా అమ్మ స్నానాలగదిలో జారి కూలబడింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ తనంతట తాను లేవలేకపోయింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను. 45 కిలోలు కూడా లేని మనిషిని జానెడు పైకి లేపలేకపోయాను. ఇరవై ఎనిమిదేళ్లుగా స్త్రీల శరీరం గురించీ, దానిమీద ఎవరి పెత్తనం నడుస్తుందన్న దాని గురించీ క్లాసుల్లో చెబుతూ వస్తున్నదాన్ని. నా చేతులు మాత్రం వణికిపోయాయి. ఇద్దరం తడి నేల మీదే కూర్చున్నాం. ఆరింటికి మా ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చింది. కొంగు నడుముకి దోపి, "నా మెడ పట్టుకో మామ్మా" అని ఒక్క ఊపున లేవదీసింది.

ఆ వారమే నేను గోడ దగ్గర నిలబడ్డాను. అప్పటికి నాకు 53 ఏళ్లు. నేల మీద పుషప్ నావల్ల కాదని తెలుసు. అందుకని గోడకి చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో ఆనించి, మడమల నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, మోచేతులు వంచుతూ ముందుకి వాలడం, ఊపిరి వదులుతూ వెనక్కి తోసుకోవడం. ఎనిమిది సార్లు. కాసేపాగి మరో ఎనిమిది. తోయడంతో పాటు లాగడం కూడా ఉండాలి కనుక ఒక చెయ్యి కుర్చీకి ఆనించి వంగి, రెండో చేత్తో లీటరు నీళ్ల సీసా పట్టుకుని మోచేతిని వెనక్కి లాగడం. వారానికి మూడు రోజులు. గోడ తేలికయ్యాక వంటింటి గట్టు, అదీ తేలికైతే మంచం పట్టె, ఆ తర్వాత మోకాళ్లు ఆనించి నేల. ఒంటి బరువు అదే. వాలు పెరిగేకొద్దీ అందులో చేతుల మీద పడే వాటా పెరుగుతుంది.

ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన వ్యాసాన్ని ఎన్నో ఏళ్లు పాఠంగా చెప్పాను. ఒళ్లంతా పెట్టి చేయాల్సిన పనిని ఒక్క చేత్తో, అదీ సగం నమ్మకంతో చేయడం మనకి ఎలా అలవాటవుతుందో ఆమె వివరించింది. అది నాకు గోడ దగ్గరే అర్థమైంది. మొదటి వారం మణికట్లతోనే తోశాను. భుజాలు, వీపు, పొట్ట కూడా నావేనని, వాటినీ పనిలోకి పిలవచ్చని తట్టలేదు. మొదటి వారాల్లో పెరిగే బలం కండది కాదు. ఉన్న కండని పిలవడం నరాలు నేర్చుకుంటాయి, అంతే.

"ఈ వయసులో నీకు కండలెందుకే?" అంది మా పెద్దక్క. "అమ్మని లేపాలి కదా" అన్నాను. "ఓ, అందుకా! అయితే మంచిదే" అంది. కాలేజీలో అడిగినవాళ్లకి మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారతాయని చెప్పాను. అవి అబద్ధాలేం కావు. కానీ ప్రతిసారీ నేను అనుమతిపత్రం చూపిస్తున్నానని కొన్నాళ్లకి తెలిసొచ్చింది. 'నాకు బలంగా ఉండాలనుంది' అన్న చిన్న మాట నోటికి రాలేదు. సేవకి పనికొచ్చే బలం ఆడదానికి సుగుణం. తన కోసం కోరుకుంటే మగరాయుడితనం. మా శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో స్త్రీల వెయిట్ లిఫ్టింగ్ అదే మొదలు. మగవాళ్లకి ఆ పోటీ 1896 నుంచీ ఉంది. ఆ నూట నాలుగేళ్లూ మన ఊళ్లలో ఆడవాళ్లు బిందెలూ కట్టెలమోపులూ మోస్తూనే ఉన్నారు. దాన్ని ఎవరూ బలమనలేదు, పని అన్నారు.

ఇక్కడే నాకు అసలు చిక్కు ఎదురైంది. ఒకరోజు గోడకి వాలుతుంటే చూసి మా ఇంటావిడ నవ్వింది. "ఏటమ్మా, గోడ పడిపోద్దనా?" అంది. నువ్వూ చెయ్యకూడదా అన్నాను. "నాకెందుకమ్మా, నా సేతులు పొద్దున్నుంచీ అదే పని కదా" అంది. ఆ మాట అంటూనే కుడి భుజం నొక్కుకుంది. రాత్రుళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేదట. మా అమ్మని లేపిన భుజం అదే.

కింది నుంచి మా నీళ్ల క్యాన్ ఆమే తెస్తుంది. నేను సీసాతో వ్యాయామం చేస్తుంటే ఇరవై సీసాల బరువు ఆమె నా పక్కనుంచే మోసుకుపోతోంది. నాకు బలం పెరుగుతోంది, ఆమెకి భుజం అరుగుతోంది. ఎందుకని? కండ ఎత్తుతున్నప్పుడు పెరగదు, ఆ తర్వాత తిని, నిద్రపోయి, తెరిపి తీసుకున్నప్పుడు పెరుగుతుంది. నేను రోజు విడిచి రోజు చేస్తాను. నొప్పి పుడితే ఆపేస్తాను. బరువెంతో, ఎన్నిసార్లో నేనే నిర్ణయిస్తాను. ఆమెకి ఈ మూడూ లేవు. శ్రమకీ వ్యాయామానికీ తేడా బరువులో లేదు, దించే హక్కు ఎవరిదన్న దాంట్లో ఉంది. స్త్రీలకి బలం కావాలని రాసే మనం, ముందు ఎవరికి విశ్రాంతి దొరుకుతోందో అడగాలి కదా?

ఈ ముక్క వ్యాసంలో రాయడం తేలిక. ఇకమీదట క్యాన్ నేనే తెచ్చుకుంటానని ఆమెతో చెప్పినప్పుడు సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం వాడిపోయింది. "జీతం తగ్గించీస్తారేటమ్మా?" అంది. నా ఆత్మబలం కబుర్లన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు ఆగిపోయాయి. ఆమెకి బరువు దిగడమంటే కూలి దిగడమే. తగ్గించనని చెప్పాను, ఆదివారాలు రావద్దన్నాను. ఒప్పుకుంది. కానీ మిగతా మూడిళ్లకి ఆదివారం కూడా వెళుతుంది. అక్కడ నా మాట చెల్లదు. ఆ భుజానికి నేనిచ్చిన తెరిపి వారంలో ఒక్క గంట. దీన్ని న్యాయమనుకునేంత అమాయకత్వం నాకు లేదు.

ఇప్పుడు మోకాళ్లు ఆనించి నేల మీద ఆరు పుషప్‌లు చేయగలను. ఎందుకని ఎవరైనా అడిగితే అమ్మ పేరు చెప్పడం మానేశాను. క్యాన్ లిఫ్టు దగ్గర్నుంచి వంటింటి దాకా నేనే మోసుకొస్తాను. మధ్యలో రెండుసార్లు కింద పెట్టి నిలబడతాను. ఎవరూ ఏమీ అనరు.