ఆచారం మారితే ధర్మం మారుతుందా?

"ఏ ఊరి ఆచారం ఆ ఊరిది. ఒకరికి తప్పయినది మరొకరికి ఒప్పు కావచ్చు" అన్న మాట చదువుకున్న మన యువతీ యువకుల నోట తరచుగా వినబడుతోంది. ఇందులో నిజం లేకపోలేదు. అన్యజాతుల నుండి వచ్చిన విశ్వాసులపై సున్నతి భారం మోపరాదని యెరూషలేములో అపోస్తలులే తీర్మానించారు (అ.కా. 15). 1606లో మదురై చేరిన యేసుసభ గురువు రాబర్ట్ డి నొబిలి కాషాయం ధరించి, మాంసాహారం మానివేస్తే తోటి వేదబోధకులే ఆక్షేపించారు. చివరకు 1623లో పదిహేనవ గ్రెగోరి పోపుగారు జంధ్యం, పిలక, గంధం వంటివాటిని మూఢనమ్మకం లేకుండా ఉంచుకోవచ్చునని అనుమతించారు. మన దేవాలయాల్లో గురువు ఆశీర్వదించే మంగళసూత్రమూ ఈ కోవలోనిదే.

అయితే ఆచారాలన్నీ ఇటువంటివేనా? కట్నం సంగతి చూద్దాం. గురజాడ అప్పారావుగారు 1897లో 'కన్యాశుల్కం' అచ్చువేయించేనాటికి కొన్ని కుటుంబాలలో సొమ్ము పుచ్చుకున్నది ఆడపిల్ల తండ్రి. పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టి రూపాయలు లెక్కపెట్టుకునేవారు. నేడు పుచ్చుకునేది మగపిల్లవాని తండ్రి. ఆచారం తలక్రిందులైంది. కాని అప్పుడూ ఇప్పుడూ జరిగినది ఒక్కటే: దేవుని పోలికలో సృష్టించబడిన మనిషికి వెలకట్టారు.

ఆచారమే న్యాయాధిపతి అయితే, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగంగారిని దోషి అనవలసి వస్తుంది. నాటి పెద్దలు ఆయనకు ఎదురు నిలిచారు. నేడు మనం ఆయనను మెచ్చుకుంటున్నామంటే, సంఘం ఆమోదానికి పైనున్న కొలబద్ద ఒకటి మనలో ఉన్నట్టే కదా! ధర్మశాస్త్రం ఎరుగనివారి హృదయాలలో సైతం అది వ్రాయబడి ఉన్నదని పునీత పౌలుగారు రోమీయులకు చెప్పినది దీనినే (2:14-15).

రెండవ జాన్ పాల్ పోపుగారు 1993 నాటి 'వెరితాతిస్ స్ప్లెండోర్' విశ్వలేఖలో, ఏ పరిస్థితిలోనూ మంచివి కాజాలని కార్యాలు ఉన్నాయని బోధించారు. ద్వితీయ వాటికన్ మహాసభ నుండి ఆయన ఉదహరించిన జాబితాలో బానిసత్వం, స్త్రీలను, పిల్లలను అమ్మడం ఉన్నాయి. కట్నం అన్న మాట లేదు, నిజమే. బేరం కుదరక ముహూర్తం తప్పిపోయిన ఇంటి ఆడపిల్లను అడిగితే ఆ రెంటికీ ఎంత దూరమో ఆమె చెబుతుంది.

"మేము అడగలేదండీ, వారే ప్రేమతో ఇచ్చారు" అంటారు కొందరు. 1961 చట్టం ప్రకారం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. కూతురిపై ప్రేమ ఉంటే ఆమె వాటా ఆమె పేర వ్రాయవచ్చు. వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కొడుకుకూ కూతురికీ సమాన భాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టమే చెబుతోంది. వియ్యంకుని చేతికి అందించవలసిన సొమ్ము గురించి అందులో ఒక్క మాటయినా లేదు.