యంత్రం పట్టించిన విరతి

చెడ్డపని చేయకుండా ఉండడం శీలమైతే, బయటినుంచి ఏదో అడ్డుపడినందువల్ల చేయలేకపోవడం కూడా శీలమే అవుతుందా అన్న ప్రశ్న బౌద్ధ నీతిచింతనకు కొత్తది కాకపోయినా, మనిషికీ అతని పనికీ మధ్య కంప్యూటరు వచ్చి నిలిచాక అది మరింత పదునెక్కింది. యంత్రభాగాలనూ వాటిమీద నడిచే ప్రోగ్రాములనూ అదుపులో ఉంచుకుని, ఏది దేన్ని తాకవచ్చునో నిర్ణయించే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టం అంటారు. దాని వేగాన్నీ భద్రతనూ పెంచే సదుపాయాల్లో జనానికి అంతగా తెలియనివాటిని పరిశీలిస్తే, వాటిలో చాలావరకు కొత్త శక్తిని చేర్చేవి కావనీ, ఉన్న శక్తిని అనవసరంగా వాడకుండా ఆపేవేననీ తేలుతుంది. బౌద్ధుల పరిభాషలో అవి విరతులు.

ఆ పరిభాష తెలుగునేలకు పరాయిది కాదు. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండలో క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నాటి గుహలూ, కొయ్యవాసాల పోలికలో లోకప్పు చెక్కిన గుండ్రని చైత్యమూ ఆ సీమలో భిక్షుసంఘం నిలదొక్కుకుని ఉండేదనడానికి సాక్ష్యాలు. ఆంధ్ర భిక్షువులు వినయాన్ని, అంటే సంఘ నియమావళిని, తమదైన రీతిలో వ్యాఖ్యానించుకున్నవారే. పాళీ వినయ వ్యాఖ్యానం ఒక ‘అంధక అట్ఠకథ’ను పేర్కొని దాని అభిప్రాయాలను తరచు తోసిపుచ్చుతుంది గాని, ఆ అట్ఠకథ మాత్రం నేడు దొరకదు, ఖండించినవారి మాటల్లోనే అది మిగిలింది. విరతుల విషయానికి వస్తే, 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుని పేరున నిలిచిన వ్యాఖ్యాన సంప్రదాయం విరతిని మూడు విధాలుగా చెబుతుంది. ముందు ఏ నియమమూ పట్టకపోయినా, అవకాశం ఎదురైనప్పుడు ఇది తగదని ఆగడం సంప్రాప్త విరతి; ముందుగానే శిక్షాపదాన్ని, అంటే ఆచరణ నియమాన్ని, స్వీకరించి, దానికి కట్టుబడి ఆగడం సమాదాన విరతి; ఆ పనికి పురిగొల్పే మూలమే తెగిపోవడం సముచ్ఛేద విరతి, ఇది ఆర్యమార్గం చేరినవారికి మాత్రమే కలుగుతుంది.

విండోస్‌లో 2007లో విస్టాతో వచ్చిన యూజర్ అకౌంట్ కంట్రోల్ మొదటి రకానికి దగ్గరగా ఉంటుంది. యంత్రంపై సర్వాధికారం గల అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ప్రవేశించినవారికి కూడా అది మామూలు పనులకు తగ్గించిన అధికారాన్నే ఇచ్చి, పూర్తి అధికారం అవసరమైనప్పుడు తెరను మసకబరచి అనుమతి అడుగుతుంది. ఆ మసక అలంకారం కాదు. ప్రశ్న వేరొక రక్షిత తెరమీద వెలువడుతున్నందున, చాటుగా నడిచే మరో ప్రోగ్రాము తానే ‘యస్’ నొక్కుకోలేదు. అయితే అడిగిన ప్రతిసారీ చదవకుండానే ఔననే వేలి ముందు ఈ కాపలా నిలవదు. సంప్రాప్త విరతికి క్షణక్షణం మెలకువ కావాలి. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో చేపల లారీ బయలుదేరే వేళ బిల్లు తీస్తున్న గుమాస్తా నుంచి అంతటి మెలకువ ఆశించడం న్యాయం కాదు.

రెండవ రకమే ఈ చర్చలో అసలు ఆసక్తికరమైనది. ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి వాడుకరికీ చేసే పనికి ఎంత అవసరమో అంత అధికారమే ఉండాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో ప్రకటించిన వ్యాసంలో స్పష్టపరిచారు. కంప్యూటరు యజమాని తాను కూడా రోజూ స్టాండర్డ్ ఖాతాలోనే పనిచేస్తూ, అడ్మినిస్ట్రేటర్ ఖాతాను వేరుగా, వేరే పాస్‌వర్డుతో పక్కన పెట్టుకోవడం ఆ సూత్రానికి ఇంట్లో చేసుకోదగిన ఆచరణ. పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు సొంత యంత్రాల్లో అరుదుగా కనిపించడం విచిత్రమే. 2017లో విండోస్ 10కు చేరిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఈ కోవలోదే. విశ్వసనీయమని తేలిన ప్రోగ్రాములు తప్ప మరేవీ డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చకుండా అది ఆపుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేరుకు అక్కడ చెయ్యాడదు. దాన్ని వాడుకరి తానే ఆన్ చేసుకోవాలి, ఒక్కోసారి నిజాయితీగల లెక్కల ప్రోగ్రామును కూడా అది అడ్డగిస్తే, దానికి విడిగా అనుమతి ఇచ్చుకోవాలి.

బౌద్ధం కర్మను చేతనగా, అంటే సంకల్పంగా, నిర్వచిస్తుంది కనుక, ఫోల్డరు తెరుచుకోని క్షణంలో ఎవరి సంకల్పమూ లేదన్న ఆక్షేపణ సహజం. కాని వ్రతం పట్టడమంటేనే, నిబ్బరంగా ఉన్న వేళ చేసిన సంకల్పాన్ని తొందరపడే వేళకు ముందుగా పంపుకోవడం. తన తొందరపాటును ఎరిగి తనకు తానే అధికారం తగ్గించుకున్న యజమాని విషయంలో యంత్రం అడ్డగింత అతని శీలంలో భాగమే. అదే యంత్రం ముందు కూర్చునే గుమాస్తాకు మాత్రం అది కేవలం గోడ.

మూడవ రకానికి ఉదాహరణగా, ఫైళ్లను పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ పద్ధతిలోని మొదటి వెర్షన్‌ను ‘విండోస్ ఫీచర్స్’ జాబితాలో టిక్ తీసి తొలగించడాన్ని చెప్పవచ్చు. అందులోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే మరమ్మతు విడుదల చేసినా, మే 12న వ్యాపించిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేరు ఆ మరమ్మతు పడని యంత్రాలను ప్రపంచమంతటా పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. వేగం సంగతి కూడా ఇలాంటిదే: యంత్రం లేవగానే తామూ లేచే ప్రోగ్రాములను ‘స్టార్టప్ యాప్స్’లో ఆపితే, అవి ఆక్రమించే మెమరీ తిరిగి చేతికొస్తుంది.

అయినా ఇలా తొలగించడాన్ని సముచ్ఛేదమనడం అతిశయోక్తే అవుతుంది, ఎందుకంటే తీసిన టిక్‌ను మళ్లీ పెట్టడానికి అర నిమిషం చాలు. మూలం తెగకుండా పైపైన ఆగిపోవడం ఎలా ఉంటుందో విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ చూపుతుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు ‘షట్‌డౌన్’ నొక్కితే వాడుకరి పనులు మూతపడతాయి గాని, వ్యవస్థ గుండెకాయ అయిన కెర్నెల్ స్థితి డిస్కులో భద్రమై, మరుసటి ఉదయం అక్కడినుంచే కొనసాగుతుంది. ‘రీస్టార్ట్’ మాత్రమే అన్నిటినీ కొత్తగా మొదలుపెడుతుంది. రాత్రి ఆపిన యంత్రం నిన్నటి మొరాయింపుతోనే తెల్లవారి లేవడానికి ఇది ఒక కారణం. మనసులో ఇలాగే నిద్రాణంగా ఉండి సమయం రాగానే లేచే ప్రవృత్తులను బౌద్ధులు అనుశయాలన్నారు.

సంకల్పం లేని హద్దు ఎంతకాలం నిలుస్తుందన్నదానికి కొల్లేరు సరస్సు ఉదాహరణగా ఉంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టినా, తరువాతి ఏళ్లలో చాలాచోట్ల చెరువులు మళ్లీ లేచాయి. దాన్నిబట్టి బయటినుంచి పెట్టిన హద్దులన్నీ వ్యర్థమనుకోవడం తొందరపాటు, ఎందుకంటే పంచశీలాల పాలనను పాళీ సూత్రాలు మహాదానంగా కూడా వర్ణించాయి. ఒకరు పాటించిన విరతి అసంఖ్యాక జీవులకు అభయాన్నిస్తుందని వాటి భావం. వానాక్రై ఎవరూ ఏదీ నొక్కకుండానే నెట్‌వర్కులో ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి పాకింది కనుక, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఒక వర్తకుడు తొలగించుకున్న పాత సదుపాయం పక్క గదిలోని కంప్యూటరుకూ రక్షణే. 2017 చివరి నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ సాధారణంగా ముందే ఉండదు. అక్కడ అభయం పక్కవారికి అందుతుంది గాని, దాని పుణ్యాన్ని వర్తకుని ఖాతాలో వేయడానికి చేతన సిద్ధాంతం ఒప్పుకోదు.