చెవి చూచిన గుఱి

మడికొండ మెట్టుగుట్టపై శ్రీ రామలింగేశ్వరుని సేవించి మెట్లు దిగివచ్చు కుటుంబములలో నేడు అమెరికానుండి సెలవులకు వచ్చిన మనుమలు, మనుమరాండ్రు కనబడుట వింత కాదు. ఆ దేశమునందలి పెక్కు రాష్ట్రములలో వసంతర్తువున అడవి సీమకోడి వేట సాగును. పెద్దల వేటకు ముందుగా పిల్లలకై ప్రత్యేకముగా ఒకటి రెండు దినములు కేటాయించుట గలదు. ఇరుగుపొరుగున నున్న స్నేహితుడు తన కుమారునితో పాటు మన పిల్లవానిని గూడ పిలిచెననుకొందము. శ్రీవైష్ణవ సంప్రదాయమున పెరిగిన తండ్రి ఏమని బదులు చెప్పవలెను?

వలదని ఒక్క మాటతో త్రోసివేయుట సులభమే. కాని అచ్చటి తండ్రులు ఈ విషయమున చూపు శ్రద్ధను ముందుగా గ్రహించుట న్యాయము. పన్నెండేండ్ల బాలునకు పెద్దల తుపాకి నీయరు. భుజమునకాను కఱ్ఱభాగమును వాని చేతి పొడవునకు సరిపడునట్లు కురచ చేయింతురు. 12 బోరు తుపాకికి మారుగా 20 బోరు తుపాకి నెన్నుకొందురు. (ఒక పౌను సీసమును గొట్టము పట్టునంతటి గుండ్లుగా పోసిన ఎన్ని గుండ్లగునో అదియే బోరు సంఖ్య, కావున సంఖ్య పెరిగిన కొలది గొట్టము సన్నగిల్లును.) తుపాకి వెనుకకు తన్నినపుడు బాలుడు బెదరకుండుటకు తేలిక తూటాలతో మొదలుపెట్టింతురు. చెవులకు రక్షణ కల్పింతురు. దూరమున కాగితము కట్టి కాల్పించి, సీసపు రవ్వలు ఎంత మేర చెదరుచున్నవో కొలిచి చూతురు. పక్షి గాయపడి ఎగిరిపోయి పొదలలో బాధపడి చావకుండవలెనన్నదే ఈ కొలతల యుద్దేశము. ఇందు దయ లేదనుట నిజము కాదు.

ఇంతకంటె గమనింపదగిన దొకటి గలదు. ఈ వేటలో వేటగాడు తెల్లవారకమున్నే చెట్టుమొదట ఆనుకొని కదలక కూర్చుండి, పెంటికోడి కూతను అనుకరించి పుంజును రప్పించును. ఆ కూత విని పుంజే వచ్చునని నమ్మకము లేదు. మఱియొక వేటగాడును రావచ్చును. శబ్దమును బట్టి, పొద కదలికను బట్టి కాల్చిన తుపాకులకు మనుష్యులే గుఱియైన ప్రమాదములు ఈ వేటలో జరుగుచుండుట చేత, అచ్చట పిల్లలకు నేర్పు మొదటి నియమములలో ఒకటి ఇది: పక్షిని కన్నులార పూర్తిగా చూడనిదే మీట నొక్కరాదు. పుంజు తలపై నుండు ఎఱుపు, తెలుపు, నీలి వన్నెల బట్టలు ధరింపరాదని మఱియొక నియమము.

ఈ నియమము వినిన తోడనే మనకు సరయూతీరము జ్ఞప్తికి రాక మానదు. శ్రీరాముడు అడవికేగిన ఆరవ రాత్రి దశరథుడు కౌసల్యతో చెప్పుకొనిన కథ అది. యువరాజై యుండగా శబ్దవేధి యను కీర్తికి మురిసినవాడు, వర్షాకాలపు రాత్రి కడవ మునుగు చప్పుడు విని ఏనుగని తలచి బాణము విడిచెను. ఆ బాణమునకు కూలినవాడు అంధులైన తల్లిదండ్రులకు నీరు తేవచ్చిన ముని కుమారుడు. మన పురాణేతిహాసములలోని వేట దోషములు గుఱి తప్పినందున కలిగినవి కావు, గుఱి తగిలినందున కలిగినవి. కృష్ణుని పాదమును లేడియని భ్రమించిన జరుని బాణమును గుఱి తప్పలేదు. దశరథుని విలువిద్యలో లోపమేమియు లేదు. చేతికి కుదిరిన విద్య మనస్సుకంటె ముందు పరుగెత్తినది.

ఐనచో వేట యెల్ల పాపమేనా? అట్లనుటకు మన గ్రంథములే అడ్డుపడును. వనవాసమున రాముడును మృగముల వేటాడినాడు. వాలి నిలదీసినపుడు రాజుల వేటను ప్రస్తావించియే బదులు పలికినాడు. క్షత్రియునకు వేట విహితమైనను పెద్దలు దానిని సప్తవ్యసనములలో చేర్చిరి. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. అమెరికాలో ఇరువదవ శతాబ్దారంభమునకు అడవి సీమకోళ్లు అంతరించిపోవు దశకు వచ్చినవి. 1937లో తుపాకులపై, తూటాలపై వచ్చు పన్నును వన్యప్రాణి రక్షణకు కేటాయించిరి. వేటగాండ్ర ధనముతోనే అవి మరల పెరిగినవి. దీనిని కాదనలేము. కాని అడవికి మేలు కలిగినంత మాత్రమున బాలుని మనస్సునకును మేలు కలిగినట్లేనా యన్నది వేఱు ప్రశ్న.

ఆ ప్రశ్నకు సలీం అలీ జీవితము ఒక చిత్రమైన ఉదాహరణము. 1908లో బాలుడుగా ఎయిర్ గన్నుతో ఒక పిచ్చుకను కొట్టెను. దాని మెడపై పసుపు మచ్చ చూచి, ఇది తినదగినదా యని పెద్దల నడిగెను. మేనమామ ఆతనిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపెను. ఆ బాలుడే పెరిగి 1931-32లో హైదరాబాదు సంస్థానమందలి పక్షుల సర్వే జరిపెను. పక్షిని కూల్చినందున ఆతడు గొప్పవాడాయెనని నేననను. కూలిన పక్షిని చేత పట్టుకొని ఇదేమిటి యని అడుగుటతో ఆతని విద్య ప్రారంభమైనది. వాని ప్రశ్నను పెద్దలు కసరివేయకుండుట అదృష్టము.

మడికొండ పరిసరములలో జొన్నచేల కాలమున పిల్లలకు చేతికి వచ్చిన మొదటి ఆయుధము వడిసెల. మంచె యెక్కి త్రిప్పి విడిచిన రాయి పిట్టలను బెదరించుటకే గాని చంపుటకు గాదు; ఐనను గులేరు పట్టిన పిల్లవాడు ఊరకుండునా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ తరువాత మన దేశమున వినోదపు వేటకు తావు లేదు. కావున ఇచ్చటి తండ్రికి చట్టమే సమాధానము చెప్పును. అచ్చటి తండ్రి తానే చెప్పుకొనవలెను.

మన ఆలయములు వేటను మఱచిపోలేదు. తిరుమలలో కనుమనాడు పార్వేట ఉత్సవము జరుగును. స్వామి వేటకు బయలుదేరును, ఈటె విసరుదురు, ఏ ప్రాణియు చావదు. అహోబిలమున చెంచులక్ష్మిని వరించిన నరసింహుడు పార్వేటకై చెంచుల ఊళ్లకు వెడలును. వేటాడి బ్రదుకు చెంచు తండ్రి తన బిడ్డకు విల్లందించుట వేఱు. కొట్టులో కొన్న ఆహారముతో నిండిన యింటి బాలుడు వసంతమున ఒక పుంజును కూల్చుట వేఱు. మొదటిది బ్రదుకు తెరువు. రెండవది వ్యసనమునకు మొదటి మెట్టు కావచ్చును, కాకపోవచ్చును. తెలియని మెట్టుపై బిడ్డ పాదమును మనమే పట్టి మోపనేల?

నా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదను. గుఱి విద్యను నిరాకరింపవలసిన పని లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచినది ప్రాణి లేని గుఱిపైననే. ఆ స్నేహితునికి మర్యాదగా చెప్పి, బిడ్డను గాలిలో ఎగురవేయు మట్టి బిళ్లల కాల్పునకు పంపవచ్చును. పంపుటకు ముందు రాత్రి సరయూతీరపు కథను పూర్తిగా, కడవ చప్పుడుతో సహా, చెప్పవలెను.

అప్పుడు బాలుడు ఒక మాట అడుగవచ్చును. తిరునామము ధరించు గృహములన్నియు శాకాహార గృహములు కావు గదా. "ఆదివారము మన యింట వండిన కోడిని ఎవరు చంపినారు నాన్నా?" అని అడిగినచో, ఆ తండ్రి నా వ్యాసమును ప్రక్కన బెట్టి, బిడ్డ ముఖము చూచి, నిజమే చెప్పవలసియుండును.